వడ్రంగి వాగ్గేయకారుడు

మాటా తనదే, పాటా తనదే అయినవానిని మన లక్షణకర్తలు వాగ్గేయకారుడన్నారు. సంగీతరత్నాకరంలో శార్ఙ్గదేవుడు చెప్పిన మాతుధాతువుల లక్షణం ఇదే. ఈ లక్షణం అక్షరాలా పట్టే ఒక విదేశీయుడు మొర్దెఖాయ్ గెబిర్టిగ్.

ఆయన 1877లో క్రాకోవ్ నగరంలో, పేద యూదు కుటుంబంలో జన్మించాడు. నాడు ఆ నగరం ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. వృత్తి వడ్రంగం. వ్రాసిన భాష యిడ్డిష్. జర్మన్ మూలంగా పుట్టి, హీబ్రూ లిపిలో వ్రాయబడే సామాన్య యూదుల ఇంటి భాష అది. ఆయనకు స్వరలిపి రాదు. చిన్న పిల్లనగ్రోవి మీద బాణీ పలికించుకొంటే మిత్రులు దానిని వ్రాసిపెట్టేవారు. (అమెరికాలో కోట్లు గడించిన అర్వింగ్ బెర్లిన్‌కు కూడా స్వరలిపి రాదు. ఆయన చేతిక్రింద జీతానికి వ్రాసేవారుండేవారు, అంతే భేదం.) జోలపాటలు, జేబుదొంగ గోడు, పనిలేనివారి కవాతు, గడచిపోయిన బాల్యం: ఇవీ గెబిర్టిగ్ వస్తువులు.

ఈ పాటలను యిడ్డిష్ జానపదగేయాలని పరిచయం చేసి పాడడం పరిపాటి అయింది. నాకిది సమ్మతం కాదు. 1920 నాటి తొలి సంపుటికి 'జానపద రీతిలో' అనే అర్థమిచ్చే పేరు ఆయనే పెట్టుకొన్నాడు కదా అని ఆక్షేపించవచ్చు. రీతి వేరు, కర్తృత్వం వేరు. దేశిచ్ఛందమైన ద్విపదలో వ్రాసినంత మాత్రాన పాల్కురికి సోమనాథుని పేరు మనం తీసివేశామా?

పైగా జానపదగేయం బ్రతకాలంటే పాడే జనపదం ఉండాలి. 1936లో ప్షితిక్ పట్టణంలో యూదులపై జరిగిన దాడులకు కలతచెంది, ఊరు తగులబడుతుంటే చేతులు కట్టుకొని చూస్తున్నవారిని నిలదీస్తూ ఆయన ఒక పాట కట్టాడు. కొన్నేళ్లకే ఆ మంట ఐరోపా అంతటా అంటుకొంది. 1942 జూన్ 4న క్రాకోవ్ ఘెట్టో నుండి యూదులను మరణశిబిరానికి తరలిస్తున్న వేళ నాజీలు ఆయనను కాల్చిచంపారు. ఆ భాష మాట్లాడేవారిలో లక్షల మందికి అదే గతి పట్టింది. పాడే నోళ్లనే నొక్కివేసిన తరువాత, ఆ పాటలు తమంతట తామే నిలిచాయన్నట్లు కర్త పేరు విడిచిపెట్టడం నాకు రెండవ అన్యాయంగా తోస్తుంది.

నిజానికి ఆక్రమణకాలంలో ఆయన వ్రాసినవి నోటినుండి నోటికి వచ్చినవి కావు. మిత్రుడు జూలియస్ హోఫ్‌మన్ కుటుంబానికి అప్పగించిన వ్రాతప్రతుల వలన దక్కినవి. వానిలో కొన్నింటికి మాతువు మిగిలింది, ధాతువు పోయింది. తరువాతివారు అట్టి వానికి కొత్త బాణీలు కట్టి పాడుతున్నారు. పాడవలసిందే. అయితే మాట గెబిర్టిగ్‌ది, బాణీ ఫలానావారిది అని ముందుగా చెప్పి పాడితే న్యాయంగా ఉంటుంది.