కూల్చే ముందు నీళ్ల లెక్క చూడాలి

అనంతపురం పాతూరులో మిద్దె పడగొట్టి మూడంతస్తులు లేపితే ఆ ఇంటివాళ్లు బాగుపడ్డారంటాం. ఉన్నదాన్నే అంటిపెట్టుకుంటే పాపం గతిలేదంటాం. ఈ లెక్కలో నీళ్ల పద్దు మాత్రం ఎవరూ రాయడం లేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే ప్రాంతమిది. పెద్దలు ఆ కరువుకు తగ్గట్టే ఇళ్లు కట్టుకున్నారు. మందపాటి రాతి గోడలు, వాటిమీద దూలాలు, దంతెలు, పైన మట్టి, ఆ పైన చౌడు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే రేణువులు విడిపోయి సందులు పూడ్చేస్తాయి. వాన కిందికి దిగకుండా వాలు వెంట జారిపోతుంది. వెలుతురుకు కప్పులో గవాచి ఉండనే ఉంది. కోస్తా వానలకు ఈ కప్పు ఆగదు. ఇక్కడ వాన తక్కువ కాబట్టే నిలిచింది. మే నెల మధ్యాహ్నం ఆ గోడల మధ్య కూర్చున్నవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

దాని స్థానంలో స్లాబు వేస్తే కనీసం వారం పది రోజులు నీళ్లు కట్టి నిలపాలి. గోడలకూ, పూతకూ తడి పట్టాలి. పెన్నహోబిలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చుకునే ఊరు ఇలా ప్రతి వీధినీ కొత్తగా కట్టుకోగలదా? ఆపైన ఎండకు కాగిన స్లాబు కింద పడుకోవడానికి ఏసీ ఖర్చు.

అలాగని మిద్దె సొంతదారును తప్పుపట్టలేం. ఎప్పటికప్పుడు చౌడు తోలించాలి. ముసురు పట్టిందంటే కారుతుంది. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి. అన్నదమ్ముల పంపకాలొస్తే ఇంటికన్నా స్థలానికే ధర. ఊరి వారసత్వాన్ని కాపాడే భారం ఒక్క కుటుంబం నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

చట్టం చూపు ఇంకా కోటలు, గుళ్ల మీదే ఉంది. లేపాక్షి వంటి రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ నిషేధించింది. హైదరాబాదులో ఎర్రమంజిల్ కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. నవాబు మహలుకు కోర్టు దొరికింది గానీ పాతూరు మిద్దె కోసం వాదించేదెవరు?

నగరపాలక సంస్థ చేయగలిగిన పనులున్నాయి. ఇంజనీర్లతో వీధివీధీ తిరిగి నిలిచేదేదో, ప్రమాదకరమైనదేదో జాబితా రాయించాలి. నిలిచే ఇంటికి ఆస్తిపన్ను తగ్గించాలి. రోడ్ల విస్తరణలో స్థలం పోయినవారికి ఇచ్చే టీడీఆర్ బాండ్ల వంటి పరిహారం, ఇల్లు కాపాడినవారికీ అందాలి. ప్రభుత్వం తన పాత భవనాలతోనే మొదలుపెట్టవచ్చు. 1916లో పుట్టిన ఆర్ట్స్ కాలేజీలో నేటికీ పాఠాలు సాగుతున్నాయి. వాడుకలో ఉండటాన్ని మించిన రక్షణ ఏ కట్టడానికీ లేదు.

కూలడానికి సిద్ధంగా ఉన్నదాన్ని కూల్చాల్సిందే. ప్రాణాలకన్నా గోడలు ఎక్కువ కాదు. కానీ బాగుచేస్తే మరో తరం నిలిచే ఇంటిని పడగొట్టే ముందు, మరమ్మతుకెంత, కొత్తదానికెంత, ఎన్ని ట్యాంకర్ల నీళ్లు అన్న అంచనా దరఖాస్తుతోపాటే అడగాలి. కరువు సీమలో కూల్చివేత అనుమతి అంత సులువుగా దొరకకూడదు.