దోసకాయ దోషి కాదు!

జర్మనీలో 2011 మే నెలలో నెత్తురు విరేచనాలు ప్రబలినప్పుడు తొలి నింద కీర దోసకాయల మీద పడింది. స్పెయిన్ నుంచి వచ్చిన దోసకాయలే కారణమని హాంబర్గ్ అధికారులు ప్రకటించడంతో అక్కడి రైతుల పంటను కొనే నాథుడు లేకపోయాడు. తీరా విచారిస్తే అసలు దోషి మెంతి మొలకలు. ఆ మెంతులు ఈజిప్టు నుంచి దిగుమతి అయిన సరుకని దర్యాప్తులో తేలింది. మొత్తం మీద దాదాపు 4 వేల మంది జబ్బుపడగా, 50 మందికి పైగా మరణించారు.

ఈ రోగం తెచ్చిన 'ఇ.కోలి' క్రిమి కొత్తదేమీ కాదు. దాని రకాలు అందరి పేగుల్లోనూ ఉంటాయి, చాలావరకు హాని చేయవు. మరి ఈ రకం ప్రాణాలెందుకు తీసిందో దాని జన్యుక్రమం చదివాకనే బోధపడింది. హాంబర్గ్ వైద్యులు పంపిన నమూనాను చైనాలోని షెంజెన్ శాస్త్రజ్ఞులు మూడు రోజుల్లో చదివి, జూన్ 2న దాపరికం లేకుండా ప్రపంచం ముందు పెట్టారు. పేగు గోడకు గుంపుగా అతుక్కునే జన్యువులు దానిలో ఉన్నాయి. వాటికి తోడు, మూత్రపిండాలను దెబ్బతీసే షిగా విషాన్ని తయారుచేసే జన్యువు ఒక వైరస్ ద్వారా వచ్చి చేరింది. అనేక యాంటీబయాటిక్ మందులకు లొంగని గుణం సరేసరి. విచిత్రమేమంటే, ఇటువంటి క్రిముల్లో తరచుగా కనిపించే మరో జన్యువు దీనిలో లేనే లేదు. ఆ ఒక్కదాని కోసమే వెతికే పరీక్ష అయితే ఈ క్రిమి తప్పించుకునేదే!

అయితే మెంతులను పట్టించింది మాత్రం జన్యుక్రమం కాదు. హోటలులో ఎవరు ఏమి తిన్నారో, వంటవాడు ఏ వంటకంలో ఏమి కలిపాడో ఓపికగా అడిగి రాసుకున్నవారు, సరుకు చిట్టాలు తిరగేసినవారు పట్టుకున్నారు. యంత్రాన్ని పొగిడేవారు వీరిని మరచిపోవడం న్యాయం కాదు.

మన పల్లెల్లో వానాకాలం అతిసారం సోకితే ట్యాంకులో బ్లీచింగు కలిపి, సెలైన్ ఎక్కించి, నీటి నమూనా పంపడంతో అధికారుల హడావుడి ముగిసిపోతున్నది. ఆ క్రిమి ఏదో, దానికి ఏ విషం ఉన్నదో గ్రామానికి తెలియదు. కరోనా కాలంలో వైరస్ రకాలను చదివిన సీసీఎంబీ హైదరాబాద్‌లోనే ఉన్నది. ఆ విద్యను అతిసారానికీ వాడవచ్చు. అందుకు యాంటీబయాటిక్ మందు వేయకముందే రోగి మలం నమూనా తీయాలి. దానిని చెడకుండా ప్రయోగశాలకు చేర్చాలి, క్రిమిని పెంచి భద్రపరచాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఇందుకు కావలసిన సీసాలు, నమూనా తీసుకువెళ్ళే మనిషిని ఈ వర్షాలకు ముందే సమకూర్చాలి.