దెబ్బ పడే ముందు

అచ్యుతాపురంలో షిఫ్టు దిగొచ్చిన కుర్రాళ్లు ఫోన్లతోనే షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. పూడిమడక తీరంలో ఫైటు, అద్దె గది డాబా మీద ఇంకో ఫైటు. చట్టాన్ని చేతిలోకి తీసుకునే హీరో, నలుగురు రౌడీలు, ఏడుస్తూ ఒక అమ్మాయి. కష్టం కనిపిస్తుంది, కటింగ్ కూడా వచ్చు. కానీ మొదటి గుద్దు పడే దాకా హీరో మొహం మీద ఎవరికీ ధ్యాస ఉండదు. ఇలాంటి సినిమా నిలబడేదీ కూలేదీ అక్కడే.

వాళ్లను ‘డర్టీ లాండ్రీ’ చూడమంటాను. 2012లో వచ్చింది, పది నిమిషాలే. హీరో పనిషర్, 1974లో స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో మొదటిసారి కనిపించిన పాత్ర. 2004 నాటి పెద్ద సినిమాలో ఆ వేషం వేసిన థామస్ జేన్, ఎనిమిదేళ్ల తర్వాత పాత్ర మీద ఇష్టం చావక, దాని హక్కులున్న మార్వెల్ కంపెనీ ప్రమేయం లేకుండానే మళ్లీ వేశాడు. దర్శకుడు ఫిల్ జొవానూ. నిర్మాత కోల్‌కతాలో పుట్టిన ఆది శంకర్.

హీరో బట్టలు ఉతుక్కోవడానికి లాండ్రీకి వస్తాడు. బయట ఒక ముఠా ఒక ఆడమనిషిని ఈడ్చుకెళుతుంది, ఒక పిల్లాణ్ణి కొడుతుంది. ఇతను చూస్తాడు, చూపు తిప్పేసుకుంటాడు. పక్క కొట్టుకెళ్లి చాక్లెట్ పాల సీసా అడుగుతాడు. కొట్టతను చక్రాల కుర్చీలో ఉంటాడు. ఆ వేషం రాన్ పెర్ల్‌మన్‌ది. ఒకప్పుడు తనూ అడ్డం వెళ్లి ఇలా అయ్యానని చెబుతాడు. కూర్చున్నచోటే కూర్చుని, గొంతుతోనే భయాన్నీ సిగ్గునీ కలిపి పలికిస్తాడు. వింటున్న జేన్ మొహంలో వీరత్వం లేదు, అలసట ఉంది. మళ్లీ ఈ పనేనా అన్న విసుగు. అప్పుడు విస్కీ సీసా ఒకటి కొంటాడు. సినిమాలో అసలు యాక్షన్ ఆ కొనడమే అంటాను నేను.

తర్వాతి కొట్లాట పట్టపగలు, ఎగురుళ్లు లేకుండా, ఆ సీసాతోనే. ప్రతి దెబ్బకీ బరువుంది, కొట్టేవాడికీ ఆయాసముంది. విరిగిన ఎముకలు చూపించకపోయినా సరిపోయేది. అంతకన్నా నాకు మింగుడుపడనిది ముగింపు. ముఠా నాయకుడి ఒంటిమీద విస్కీ పోసి, లైటరు ఆ బాధితురాలికి వదిలి వెళ్లిపోతాడు. తగలబెట్టే భారం ఆమె నెత్తిన పడింది. అప్పటిదాకా ఆమె మనసులో ఏముందో ఒక్క షాట్‌లోనైనా చూపించలేదు. అది న్యాయం కాదు, కథకుడి తొందర.

దెబ్బకు ముందరి మొహానికి మనకూ ఉంది ఉదాహరణ. 2024 ఆగస్టు 29న వచ్చిన ‘సరిపోదా శనివారం’. వారం కిందటే, 21న, ఇక్కడి సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. కోపాన్ని కడుపులో దాచుకోవడం ఎలా ఉంటుందో ఈ ఊరి ప్రేక్షకుడికి నటుడు నేర్పక్కర్లేదు. వివేక్ ఆత్రేయ తీసిన ఈ సినిమాలో హీరో నాని కోపాన్ని శనివారం దాకా దాచుకుంటాడు. ఆ దాచుకోవడాన్ని నాని దవడలోనూ కళ్లలోనూ మోశాడు. సి.ఐ. దయానంద్‌గా ఎస్.జె. సూర్య ప్రతి మాటనీ చప్పరించి ఊశాడు. ఫైట్లు మాత్రం పాత కొలతవే. దాదాపు మూడు గంటల్లో నాకు బాగా గుర్తున్నది ఆ సి.ఐ. చేతిలో నలిగే సోకులపాలెం జనం. జీపు చప్పుడుకే ముడుచుకుపోయే ఆ భుజాలు. వాళ్లు అలా బెదరకపోతే నాని ఎత్తిన చెయ్యికి విలువే లేదు. జేన్‌కి పెర్ల్‌మన్ చేసిపెట్టిన పనీ ఇదే.

మన కుర్రాళ్లు ఇది పట్టుకోవాలి. గ్రూపులో కండలున్నవాడికి హీరో వేషం, నటన వచ్చినవాడికి విలన్ వేషం ఇచ్చి, మిగిలినవాళ్లను జనంలో నిలబెడుతున్నారు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వాపుకోవడం ఫ్రేములో తెలిసిపోతోంది. ఈసారి తీసేటప్పుడు మీలో బాగా నటించేవాణ్ణి అన్నీ చూసి నోరు మూసుకున్న కిళ్లీకొట్టు మనిషిగా కూర్చోబెట్టండి. ఫైటు రెండు నిమిషాలు తగ్గించి ఆ టైమంతా అతనికివ్వండి.