విషవాయువునకు కావలి యెవరు?

2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణము చెంతనున్న వెంకటాపురము నిద్రించుచుండగా, ఎల్.జీ. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెడలి ఊరిపై బడెను. 12 మంది మృతులైరి. కర్మాగారమున ప్రమాదఘంట లేకపోలేదు. దానిని మ్రోగింపగల తావులు 36 గలవని ప్రభుత్వము నియమించిన విచారణసంఘమే తేల్చినది. ఒక్కచోటనైనను మ్రోగించినవాడు లేడు!

ఆ రాత్రి ఊరికి మిగిలిన కావలి ముక్కు ఒక్కటే. అదియు నమ్మదగినది కాదు. స్టైరీను వాసన మొదట ఘాటుగా తగిలినను, కొంతసేపటికి ముక్కు దానికలవాటుపడి మిన్నకుండును. గాలికంటె మూడు రెట్లకు మించి బరువైన యా యావిరి నేలనంటి ప్రాకును. చాపపై పరుండిన బీదవానినే ముందుగా చేరును.

శాస్త్రము చేతులు ముడుచుకొని యున్నదా? లేదు. 1857లోనే మైకేల్ ఫారడే బంగారమును అతిసూక్ష్మరేణువులుగా ద్రవమున నిలిపి, అది కెంపువన్నె దాల్చుట చూపెను. మీటరులో వందకోట్లవ భాగము నానోమీటరు. పదియిరువది నానోమీటర్ల బంగారు రేణువు తనపై బడిన వెలుగులో నొకానొక వన్నెను మ్రింగును. ఆవిరి వచ్చి చుట్టుకొనగా ఆ వన్నె రవంత జరుగును. ఆ జరుగుటను కొలిచినచో ఆవిరి జాడ దొరకును. అది యే యావిరియో తెలియుటకు రామను వెలుగు కావలెను. ప్రతి యణువును తనపై పడిన వెలుగును తన ముద్రతో చెదరగొట్టునని 1928లో చంద్రశేఖర వేంకటరామను కలకత్తాలో చూపెను. ఆ మందకాంతి వెండి బంగారు రేణువుల చెంత లక్షలరెట్లు పెరుగునని 1970వ దశకమున తేలినది. ఆ రామను బాల్యము గడచినది, బడిచదువు సాగినది విశాఖపట్టణముననే! ఆయన కనుగొనిన వెలుగుతో దేశదేశముల ప్రయోగశాలలు విషములను గుర్తుపట్టుచుండగా, ఆయన పెరిగిన పట్టణమున జనులు ముక్కును నమ్మి చచ్చిరి. మనకింతకంటె సిగ్గు వేఱు కావలెనా?

సముద్రపు చెమ్మ రేణువులను మోసపుచ్చుననియు, పలు ఆవిరులు కలసినచో గుర్తు తికమకపడుననియు పండితులందురు. నిజమే. ఆ చిక్కు విడదీయుటకైనను యంత్రము విశాఖ గాలిలోనికి రావలెను గదా! గాజుబుడ్డిలో గెలిచి, వ్యాసము ప్రకటించి, బిరుదము పుచ్చుకొనినంతనే పరిశోధన ముగిసినదనుకొను వాడుకను మేము మెచ్చజాలము.

అంతకంటె పెద్ద ప్రశ్న, యంత్రము ఎవరి చేతనుండవలెననునది. 1984లో భోపాలునందును ఊరివారికై మ్రోగవలసిన ఘంటను కొలదిసేపటికే ఆపివేసిరి. యజమాని గోడలోపల బంధింపబడిన బంగారు రేణువు మాత్రమేమి పలుకగలదు? కావలియంత్రము గోడ వెలుపల, ఊరినడుమ, పంచాయతీ స్వాధీనమున నుండవలెను. దాని కొలత గ్రంథాలయపు గోడమీద తెలుగున కనబడవలెను. యంత్రమునుండి ఘంటకు తీగె నేరుగా పోవలెను; నడుమ మేనేజరు సెలవుతో పనిలేదు. వ్యయము కర్మాగారమే భరింపవలెను. అచ్యుతాపురమున 2022లో మరల విషవాయువు సోకి పెక్కుమంది మహిళాకార్మికులు ఆసుపత్రుల పాలైరి. పని అచ్చటినుండియే మొదలుకావలెను.