లెక్కలొస్తే కష్టం వృథా పోదు

ఆదివారం వచ్చిందంటే సింగపూర్‌లో మనవాళ్ళకు లిటిల్ ఇండియానే సొంతూరు. టెక్కా మార్కెట్లో కూరగాయలు, సెరంగూన్ రోడ్డులో టీ, ఇంటికి డబ్బు పంపడం, ఆ తర్వాత ఫోను. ఫోనులో పిల్లల్ని మనమంతా అడిగేది ఒకటే... "లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయ్?" ఆ లెక్కలు దేనికి పనికొస్తాయో మాత్రం మనం చెప్పం. మనకూ ఎవరూ చెప్పలేదు మరి!

మా గదిలో శ్రీకాకుళం బాబాయ్ ఒకాయన ఉన్నాడు. వెల్డింగ్ పని. బేసిక్ 800 డాలర్లు. ఓ నెల 40 గంటలు ఓటీ చేస్తే 200 డాలర్లు వచ్చాయి. మూడేళ్ళుగా అదే పద్ధతి. ఎనిమిదో తరగతి చదివే కూతురు సెలవుల్లో సరదాకి పే స్లిప్ ఫొటో పంపమంది. కంపెనీవాళ్ళు 800ను 30 రోజులతో, 8 గంటలతో భాగించి గంటకు 3.33 కట్టారని తేల్చింది. "నాన్నా, ఆదివారాలు నీకు సెలవే కదా! మరి 30తో ఎందుకు భాగించారు?" అని అడిగింది. బాబాయ్ దగ్గర జవాబు లేదు.

జవాబు సింగపూర్ చట్టంలోనే ఉంది. నెల బేసిక్‌ను 12తో గుణించి, దాన్ని 52 వారాలు, 44 గంటల లబ్ధంతో, అంటే 2,288తో భాగించాలి. 9,600ను 2,288తో భాగిస్తే గంటకు దాదాపు 4.20. ఓటీకి ఒకటిన్నర రెట్లు కాబట్టి 6.29. నలభై గంటలకు 252 డాలర్లకు అటూఇటూగా రావాలి. అంటే ఆ నెలలో 50 డాలర్లకు పైగా పోయినట్టే. డాలరుకు 60 రూపాయలే అనుకున్నా మూడు వేలు! భాగించే అంకె పెరిగితే వచ్చేది తగ్గుతుంది. ఏడో తరగతి లెక్క ఇది.

బాబాయ్ ఆఫీసులో అడిగాడు. ఆ నెల నుంచి సరిచేశారు. పాత బాకీ సంగతేంటంటే, పనిలో ఉన్నవాళ్ళు ఏడాది లోపు, పని మానేసినవాళ్ళు ఆర్నెల్ల లోపు ఫిర్యాదు చెయ్యాలి. మొదటి రెండేళ్ళ సొమ్ముకు నీళ్ళొదులుకోవాల్సిందే. ఆయన బాధ చూశాకే ఇది రాయాలనిపించింది.

వడ్డీ లెక్కా అంతే. ఏజెంటుకు కట్టడానికి ఊళ్ళో మూడు లక్షలు అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. మూడంటే మనకు చిన్నగా వినిపిస్తుంది. నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి లక్షా ఎనిమిది వేలు! నూటికి ఏడాదికి 36 అన్నమాట. అసలు ఒక్క రూపాయీ తగ్గదు. బారువడ్డీ, శాతాలు మనమూ బళ్ళో నేర్చుకున్నవే. సంతకం పెట్టేటప్పుడు మాత్రం గుర్తుకు రావు.

మనం పనిచేస్తున్న ఈ దేశం లెక్కల చదువుకు పేరుబడ్డది. టిమ్స్ అనే అంతర్జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి లెక్కల్లో 1995లో మొదటి స్థానం, 2023లోనూ మొదటి స్థానం. ఇక్కడ చిన్న తరగతుల్లో సూత్రం బట్టీ పట్టించే ముందు బొమ్మ గీయిస్తారు. 1980ల్లో తెచ్చిన పద్ధతి అది. జీతాన్ని ఒక పొడుగాటి గడిగా గీసి అయిదు సమాన భాగాలు చేస్తే... రెండు ఇంటికి, రెండు అప్పుకు, ఒకటి మన తిండికి. నిష్పత్తి కళ్ళకు కనబడుతుంది. దీనికి పెన్ను, కాగితం చాలు. మన డార్మిటరీ మంచం మీద కూర్చునీ గీయొచ్చు.

వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనం ఎలాగూ పిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోలేం. కనీసం మన లెక్కలైనా వాళ్ళతో పంచుకుందాం. వివరాలతో పే స్లిప్ ఇవ్వాలన్న నిబంధన ఇక్కడ 2016 ఏప్రిల్ నుంచి ఉంది. ఓటీ గంటలు, ఓటీ సొమ్ము అందులో విడిగా ఉండాలి. స్లిప్ తీసుకోండి, దాచుకోండి, మీ గంటలు మీరు ఓ నోటుబుక్కులో రాసుకోండి. ఈ ఆదివారం మార్కులు అడగొద్దు. "అమ్మా, నా జీతం లెక్క ఓసారి చూసి పెట్టు" అనండి. అడగడానికి నామోషీ ఎందుకు? తేడా వస్తే గడువు దాటకముందే మ్యాన్‌పవర్ మినిస్ట్రీ దృష్టికి తీసుకెళ్ళొచ్చు. పిల్లకి లెక్క ఎందుకో తెలుస్తుంది, మన చెమటకు విలువెంతో మనకు తెలుస్తుంది.