బండి అప్పజెబితే బాకీ తీరదు

ధర్మవరంలో పట్టుచీర కొనేవాడు జరీని గోటితో గీకి మరీ చూస్తాడు. అదే మనిషి కారు అప్పు కాగితం మీద చదవకుండా సంతకం చేస్తాడు. "పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయని ప్రతివాడికీ కారు కావాలా?" అని ఎకసెక్కాలాడే పెద్దమనుషులతోనే నా పేచీ.

రోడ్డు పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా అప్పులో కలిపి, చేతి నుంచి పైసా పెట్టనక్కరలేదని ఊరించింది ఎవరు? బండి అమ్మితే ఆ సొమ్ము తిరిగి రాదు. షోరూము గడప దాటకముందే అప్పు బండిని మించిపోయిందన్నమాట! ఐదేళ్లకు 8 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే, తగ్గే అసలు మీద సుమారు 14 శాతం. ఈ లెక్క ఏ సేల్స్‌మన్ నోటా నేను వినలేదు. ఏడాది దాటితే బీమా లెక్కలోనే బండి విలువకు 20 శాతం తరుగు.

వాయిదాలు తప్పాక "బండి అప్పజెప్పేయ్, పీడా వదులుతుంది" అనే సలహా మరీ అన్యాయం. వేలంలో వచ్చింది పోను మిగిలిన బాకీ మెడకు చుట్టుకునే ఉంటుంది. తాళాలు ఇవ్వకముందే ఖాతా వివరాలు రాతపూర్వకంగా అడగాలి. అప్పిచ్చినవారి అనుమతితో తానే మంచి ధరకు అమ్మి, తరుగుపడ్డ మొత్తానికి వాయిదాలు రాయించుకోవాలి. కండబలపు వసూళ్లను సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా తప్పుబట్టింది.

బండి ధరను మించి అప్పెందుకిచ్చావని ఆ పెద్దమనుషులు ఫైనాన్సు వాణ్ణి ఒక్కసారైనా అడిగారా?