రాలే గుండె కణాలకో లెక్క

పండుటాకు ఉన్నట్టుండి తెగిపడదు. కాడ మొదట్లో ముందే ఓ పొర ఏర్పడుతుంది. సమయం రాగానే నిశ్శబ్దంగా రాలిపోతుంది. శరీరంలో కొన్ని కణాలూ అంతే, తమంతట తామే చనిపోతాయి. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ మరణానికి 'ఎపాప్టోసిస్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఆకులు రాలడమని అర్థం.

పేగుల్లో కణాలు రాలితే బెంగలేదు, కొత్తవి పుడతాయి. గుండె కండరం అలా కాదు. పాతికేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక్క కణమే కొత్తగా వస్తుందని 2009లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. మరి గుండెలో ఎన్ని కణాలు రాలుతున్నాయో తెలిసేదెలా?

గుండెపోటు అనుమానం రాగానే చేసే ట్రోపోనిన్ రక్తపరీక్ష, కండరం దెబ్బతిన్నదని చెబుతుంది. కణాలు ఒక్కసారిగా పగిలిపోయాయా, తమంతట తాము రాలాయా అన్నది చెప్పదు. 'టునెల్' అనే పరీక్షలో, చనిపోతున్న కణంలో ముక్కలైన డీఎన్ఏకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. కానీ దానికి గుండె కండరం ముక్క కావాలి.

ముక్క తీయకుండా చూసే దారి కూడా ఉంది. కణం పొరకు లోపలివైపు ఉండాల్సిన ఓ కొవ్వు పదార్థం, కణం చావుకు సిద్ధమవగానే బయటివైపు తేలుతుంది. ఎనెక్సిన్ అనే ప్రొటీన్ దానికి అతుక్కుంటుంది. ఆ ప్రొటీన్‌కు రేడియోధార్మిక టెక్నీషియం జోడించి ఒంట్లోకి ఎక్కిస్తే, కణాలు చనిపోతున్న చోటు స్కాన్‌లో కనిపిస్తుంది. 2000లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వైద్యులు ఏడుగురు గుండెపోటు రోగులను ఇలా పరీక్షిస్తే, ఆరుగురిలో దెబ్బతిన్న భాగం బయటపడింది. అయితే పగిలిపోయిన కణాలకూ ఎనెక్సిన్ అతుక్కుంటుంది. ఇది ఇంకా మామూలు ఆసుపత్రి పరీక్ష కాలేదు.

ఇంత శ్రమ ఎందుకన్నదానికి 2003లో అమెరికాలో జరిగిన ఎలుకల ప్రయోగం జవాబిచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక గుండెలో ఎప్పుడు చూసినా లక్షకు ఒకటి రెండు కణాలే ఇలా చనిపోతూ కనిపిస్తాయి. ఆ సంఖ్య 23కు పెరిగితే చాలు, నెలల్లోనే గుండె సాగి, నీరసించి ఎలుకలు చనిపోయాయి. కణాల చావును ముందునుంచే మందుతో అడ్డుకుంటే మాత్రం గుండె చాలావరకు నిలబడింది.

లక్షకు 23 అంటే కంటికి ఆనని లెక్క. కానీ చనిపోయిన కణం గంటల్లోనే మాయమవుతుంది, మర్నాడు మరికొన్ని రాలతాయి. ఆకు వెనక ఆకు రాలి చెట్టు మోడైనట్టు గుండె బలహీనపడుతుంది. రేపు దీనికి మనుషులకు మందు వచ్చినా, అది పనిచేస్తోందో లేదో చెప్పాల్సింది ఈ చిన్న లెక్కే.